భారలోహాలు చేరిన నేలల్లో బయోచార్: ఏ లోహానికి, ఏ మట్టిలో?

జపాన్‌లోని తొయామా ప్రాంతంలో జింజూ నది నీటితో సాగయ్యే వరి పొలాల్లోకి, ఎగువనున్న కమియోకా గనుల నుంచి దశాబ్దాల తరబడి కాడ్మియం చేరింది. ఆ పొలాల బియ్యం తిని, ఆ నది నీరు తాగిన వారిలో మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, ఎముకలు పెళుసుబారి విరిగిపోయాయి. ఇతాయి-ఇతాయి అనే పేరుతో ప్రపంచానికి తెలిసిన ఈ వ్యాధికి గనుల కాలుష్యమే కారణమని జపాన్ ప్రభుత్వం 1968లో అధికారికంగా అంగీకరించింది. పొలాలను మళ్లీ సాగులోకి తేవడానికి కలుషితమైన పైమట్టిని తొలగించడమో, లోతున పూడ్చడమో చేసి, దానిపై వేరేచోటి నుంచి తెచ్చిన మంచి మట్టిని పరిచారు. 1979లో మొదలైన ఈ పని పూర్తయ్యేసరికి 2012 వచ్చింది. 860 హెక్టార్లకు పైగా నేలను బాగుచేయడానికి 4,000 కోట్ల యెన్‌లకు పైగా ఖర్చయింది.

ఒక సంపన్న దేశం, ఒక చిన్న నదీతీరం కోసం, మూడు దశాబ్దాలకు పైగా పెట్టిన ఖర్చు ఇది. చైనాలో ఈ సమస్య విస్తీర్ణం దీనికి ఎన్నో రెట్లు. 2014లో ఆ దేశ ప్రభుత్వం వెల్లడించిన జాతీయ భూసర్వే ప్రకారం, పరీక్షించిన సాగుభూమి నమూనాల్లో 19.4 శాతం కాలుష్య ప్రమాణాలను దాటాయి. ప్రమాణాన్ని దాటిన వాటిలో అన్నిటికన్నా ముందున్నది కాడ్మియమే. అంత నేల మీది మట్టిని మార్చడం ఎవరి వల్లా కాదు. పురుగుమందుల అవశేషాలు కొన్నేళ్లకైనా సూక్ష్మజీవుల వల్ల విచ్ఛిన్నమవుతాయి గాని లోహానికి ఆ గతి లేదు. సీసం ఎన్నేళ్లయినా సీసమే. కాబట్టి దానిని మట్టిలోనే ఉంచి, వేరుకు అందకుండా, నీటిలో కరగకుండా కట్టిపడేసే మార్గాల కోసం పరిశోధకులు గత రెండు దశాబ్దాలుగా వెతుకుతున్నారు. పంట వ్యర్థాలను గాలి అందకుండా కాల్చి తయారుచేసే బొగ్గు, అంటే బయోచార్, ఆ మార్గాల్లో అత్యధికంగా చర్చకు వచ్చినది.

అత్యధికంగా అపోహలకు గురైనది కూడా అదే. బయోచార్ నేలను శుద్ధి చేస్తుందనే మాట పత్రికల్లోనూ ప్రచార సామగ్రిలోనూ తరచుగా కనిపిస్తుంది. నిజానికి బయోచార్ వేసిన తర్వాత కూడా మట్టిలోని మొత్తం లోహం వేయకముందు ఎంత ఉందో అంతే ఉంటుంది. మారేది దాని రూపం, దాని కదలిక. ఈ తేడాను పక్కనపెట్టి, ఒక చోట ఒక లోహంపై వచ్చిన ఫలితాన్ని మరో చోట మరో లోహానికి వర్తింపజేస్తే మేలు జరగకపోగా కీడు జరిగే అవకాశం ఉంది. దక్కను పీఠభూమి నేలల విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం.

మట్టిలో లోహం ఒకే రూపంలో ఉండదు. కొంత భాగం ఖనిజాల స్ఫటికాల్లో బిగుసుకుపోయి, వందల ఏళ్లకు గాని బయటపడని స్థితిలో ఉంటుంది. కొంత ఇనుము, మాంగనీసు ఆక్సైడ్ల పొరలకు అంటుకుని ఉంటుంది. మరికొంత సేంద్రియ పదార్థంతో ముడిపడి, ఇంకొంత బంకమట్టి రేణువుల ఉపరితలంపై తేలికగా పట్టుకుని ఉంటుంది. రేణువుల మధ్యనున్న నీటిలో కరిగి ఉండేది వీటన్నిటిలోకి అతి స్వల్పం. అయినా వేరు పీల్చుకునేది, భూగర్భజలంలోకి దిగేది ఆ స్వల్ప భాగమే. అందుకే రెండు పొలాల మట్టిలో మొత్తం కాడ్మియం సమానంగా ఉన్నా, ఒక పొలం బియ్యం తినదగినదిగా, మరో పొలం బియ్యం ప్రమాదకరంగా ఉండవచ్చు. బయోచార్ ప్రభావమంతా ఈ కరిగిన భాగం మీదే, దానికి పొరుగున తేలికగా విడివడే భాగం మీదే.

ఈ బొగ్గు తయారీలో ఉష్ణోగ్రతదే ప్రధాన పాత్ర. సాధారణంగా 300 నుంచి 700 డిగ్రీల సెల్సియస్ మధ్య, ఆక్సిజన్ దాదాపు లేని స్థితిలో జీవపదార్థాన్ని కాలుస్తారు. తక్కువ వేడిలో తయారైన బొగ్గు ఉపరితలంపై ఆక్సిజన్‌తో కూడిన రసాయన సమూహాలు ఎక్కువగా మిగులుతాయి. ధనావేశం గల లోహ అయాన్లను అవి పట్టుకుంటాయి. ఎక్కువ వేడిలో తయారైన బొగ్గులో ఆ సమూహాలు తగ్గి, సూక్ష్మరంధ్రాలు, బూడిద శాతం, క్షారత్వం పెరుగుతాయి. ముడిసరుకు తేడా కూడా చిన్నది కాదు. కలపబొగ్గులో బూడిద తక్కువ. పేడతో చేసిన బొగ్గులో భాస్వరం సమృద్ధిగా ఉంటుంది. వరి ఊకతో చేసిన దానిలో సిలికా ఎక్కువ. ఇవన్నీ బయోచార్ అనే ఒకే పేరుతో చలామణీ అవుతున్నా, లోహాల విషయంలో వీటి ప్రవర్తన వేర్వేరు. ముడిసరుకు, కాల్చిన వేడి చెప్పకుండా బయోచార్ వేశామని మాత్రమే చెప్పే ఫలితానికి పెద్దగా విలువ లేదు.

అన్ని లోహాల్లోకి సీసం విషయంలో బయోచార్ పనితీరు స్పష్టంగా అర్థమైంది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు పాడిపశువుల పేడను 200, 350 డిగ్రీల వద్ద కాల్చి చేసిన బొగ్గును సీసం కలిసిన నీటిలో పరీక్షించి, ఆ ఫలితాలను 2009లో ప్రచురించారు. బొగ్గు తొలగించిన సీసంలో ఎనభై శాతానికి మించిన భాగం ఫాస్ఫేటుగా, కార్బొనేటుగా అవక్షేపమైందని, అంటే కరగని ఘనరూపంలోకి మారిందని, ఉపరితలానికి అంటుకున్నది కొద్దిపాటి మాత్రమేనని వారు తేల్చారు. ఫాస్ఫేటుతో కలిసినప్పుడు సీసం పైరోమార్ఫైట్ అనే ఖనిజంగా మారగలదు. ప్రకృతిలో సీసం తీసుకునే రూపాల్లో అతి తక్కువగా కరిగే వాటిలో అదొకటి. ఉపరితలానికి అంటుకున్న లోహం పరిస్థితులు మారితే విడివడగలదు గాని ఖనిజంగా మారినది అంత సులభంగా బయటకు రాదు. సీసం చేరిన నేలకు ఫాస్ఫేటు ఎక్కువగా ఉన్న బొగ్గును ఎంచుకోవడంలోని ఔచిత్యం ఇదే.

కాడ్మియం కథ ఇంతకన్నా సున్నితమైనది. వరి మొక్క వేరులో మాంగనీసును లోపలికి తీసుకునే మార్గం గుండానే కాడ్మియం కూడా ప్రవేశిస్తుంది. మొక్క దానిని వేరుచేసి గుర్తించలేదు. మట్టి ఆమ్లత్వం పెరిగేకొద్దీ కాడ్మియం ఎక్కువగా కరుగుతుంది, క్షారత్వం పెరిగేకొద్దీ రేణువులకు అతుక్కుంటుంది. చైనాలో తైహూ సరస్సు ప్రాంతంలోని ఒక కలుషిత వరి పొలంలో 2009, 2010 సంవత్సరాల్లో జరిగిన క్షేత్ర ప్రయోగం ఈ రంగంలో తరచుగా ప్రస్తావనకు వస్తుంది. గోధుమ గడ్డి బొగ్గును హెక్టారుకు 10, 20, 40 టన్నుల చొప్పున వేసి చూశారు. మొదటి ఏడాది గింజలోని కాడ్మియం వరుసగా 16.8, 37.1, 45 శాతం తగ్గింది. రెండో ఏడాది తగ్గుదల 42.7, 39.9, 61.9 శాతానికి చేరింది. కుండీల్లో కాకుండా నిజమైన పొలంలో, నీరు పెట్టి తీసే మామూలు సాగు పద్ధతిలో వచ్చిన ఫలితం కాబట్టి దీనికి బరువు ఉంది.

అదే ప్రయోగంలో మరో సంఖ్య ఉంది. దానిని చాలామంది పట్టించుకోరు. బొగ్గు వేసిన మళ్లలో, మట్టి ఆమ్ల, క్షార స్వభావాన్ని చూపే కొలత అయిన పీహెచ్ 0.15 నుంచి 0.33 వరకు మాత్రమే పెరిగింది. చూడడానికి చిన్నదిగా అనిపించినా, ఆమ్ల స్వభావం గల నేలలో కాడ్మియం కరిగే గుణంపై ఆ మార్పు ప్రభావం గణనీయం. బయోచార్ వల్ల కలిగే లాభంలో ఎంత భాగం దాని బూడిదలోని క్షారం వల్ల, ఎంత భాగం బొగ్గు ఉపరితలం వల్ల అన్నది విడదీసి చూడవలసిన ప్రశ్న. లాభం ప్రధానంగా క్షారం వల్లనే అయితే, అదే పనిని చవకగా సున్నం చేస్తుంది. బయోచార్‌కు అదనంగా నీటిని నిలిపే గుణం, పోషకాలను పట్టి ఉంచే శక్తి, కర్బనాన్ని దీర్ఘకాలం నేలలో దాచే ప్రయోజనం ఉన్న మాట నిజమే. అయినా ఆమ్లనేలలో కాడ్మియం సమస్యకు సున్నాన్ని పోటీగా పెట్టకుండా బయోచార్‌ను మాత్రమే పరీక్షించి, ఫలితం బాగుందని ప్రకటించడం అసంపూర్ణమైన పరీక్ష.

ఇక ఆర్సెనిక్ దగ్గరికి వచ్చేసరికి ఇప్పటిదాకా చెప్పిన తర్కం తలకిందులవుతుంది. సీసం, కాడ్మియం, జింక్, రాగి మట్టినీటిలో ప్రధానంగా ధనావేశంతో ఉంటాయి. ఆర్సెనిక్ అలా కాదు. గాలి ఆడే మట్టిలో అది ఆర్సెనేటుగా, రుణావేశంతో ఉంటుంది. బొగ్గు ఉపరితలం కూడా రుణావేశాన్నే ఎక్కువగా కలిగి ఉంటుంది గనుక రెండూ వికర్షించుకుంటాయి. పీహెచ్ పెరిగితే ఇనుప ఆక్సైడ్ల మీద పట్టుకుని ఉన్న ఆర్సెనిక్ విడివడుతుంది. బొగ్గు నుంచి కరిగే ఫాస్ఫేటు కూడా అవే స్థానాల కోసం పోటీపడి ఆర్సెనిక్‌ను బయటకు నెడుతుంది. నీరు నిలిచిన వరి మడిలో పరిస్థితి ఇంకా తీవ్రం. గాలి అందని మట్టిలో కొన్ని బాక్టీరియాలు ఇనుప ఆక్సైడ్లను కరిగిస్తాయి, బొగ్గు నుంచి వచ్చే కరిగిన కర్బనం వాటికి ఆహారంగానూ, ఎలక్ట్రాన్ల వాహకంగానూ ఉపయోగపడుతుంది. ఆక్సైడు కరిగితే దానితోపాటు ఆర్సెనిక్ నీటిలోకి వస్తుంది. అక్కడ అది ఆర్సెనైటుగా మారి, వరి మొక్క సిలికాను పీల్చుకునే మార్గం గుండా లోపలికి చేరుతుంది.

ఇది ఊహ కాదు. గని కాలుష్యం ఉన్న మట్టిలో వరి వ్యర్థాల బొగ్గు కలిపి నారు పెంచిన ఒక చైనా అధ్యయనం 2012లో వెలువడింది. మొక్క పైభాగంలో కాడ్మియం 98 శాతం దాకా, జింక్ 83 శాతం దాకా, సీసం 72 శాతం దాకా తగ్గాయి. అదే మొక్కల్లో ఆర్సెనిక్ 327 శాతం దాకా పెరిగింది. బ్రిటన్ పరిశోధకులు అనేక లోహాలు కలగలిసిన మట్టికి గట్టి కలప బొగ్గు కలిపి చేసిన ప్రయోగం 2010లో ప్రచురితమైంది. మట్టినీటిలో కాడ్మియం, జింక్ బాగా తగ్గగా, రాగి, ఆర్సెనిక్ ముప్పై రెట్లకు మించి పెరిగాయి. ఒకే సంచిలోని బొగ్గు, ఒకే మట్టిలో, ఒక లోహాన్ని బంధిస్తూ మరో లోహాన్ని విడుదల చేసింది. పారిశ్రామిక వ్యర్థాలతో పాడైన నేలల్లో ఒకే లోహం ఉండడం అరుదు. అందుచేత కాడ్మియం తగ్గిందని సంతోషించే ముందు ఆర్సెనిక్ ఏమైందని అడగడం ఈ రంగంలో కనీస ధర్మం.

ఇనుప లవణాలతో శుద్ధిచేసిన బొగ్గు ఆర్సెనిక్‌ను పట్టుకోగలదని ప్రయోగశాలల్లో పలుమార్లు రుజువైంది. వరి ఊక బొగ్గులోని సిలికా వేరు దగ్గర ఆర్సెనిక్‌తో పోటీపడి దాని ప్రవేశాన్ని కొంత తగ్గించగలదన్న ఆధారాలు కూడా ఉన్నాయి. అవి ఆశాజనకమైనవే. అయితే ఇనుము చేర్చిన బొగ్గు కూడా నీరు నిలిచిన మడిలో ఎంతకాలం తన పట్టు నిలుపుకొంటుందన్నది క్షేత్రంలోనే తేలాలి, ఎందుకంటే అక్కడ కరిగేది ఆ ఇనుమే.

క్రోమియం మరో రకం చిక్కు. దాని ఆరు సంయోజకత రూపం విషపూరితం, నీటిలో సులువుగా కదులుతుంది. మూడు సంయోజకత రూపం కదలదు, విషగుణం చాలా తక్కువ. బయోచార్ ఎలక్ట్రాన్లను అందించి మొదటి రూపాన్ని రెండో రూపంగా మార్చగలదు. ఈ చర్య ఆమ్ల పరిస్థితుల్లో చురుకుగా, క్షార పరిస్థితుల్లో మందకొడిగా సాగుతుంది. తమిళనాడులోని రాణిపేటలో, 1990ల్లో మూతపడిన ఒక క్రోమేట్ కర్మాగారం వద్ద లక్ష టన్నులకు పైగా క్రోమియం వ్యర్థం గుట్టగా మిగిలిపోయి భూగర్భజలాన్ని పాడుచేస్తోంది. ఖనిజాన్ని సోడా, సున్నంతో వేయించగా మిగిలే ఇటువంటి వ్యర్థం స్వభావరీత్యా గాఢ క్షారం. అటువంటి చోట మామూలు బొగ్గును కలిపితే క్రోమియం మారిపోతుందని ఆశించడం రసాయనశాస్త్రానికి విరుద్ధం. పైగా మారిన క్రోమియం కూడా, మట్టిలో మాంగనీసు ఆక్సైడ్లు అనువుగా ఉంటే తిరిగి విషరూపంలోకి రాగలదు.

ఈ నేపథ్యంతో హైదరాబాద్ పరిసరాలను చూడాలి. పటాన్‌చెరు పారిశ్రామికవాడ 1970ల్లో మొదలైంది. అక్కడి ఔషధ, రసాయన పరిశ్రమల వ్యర్థజలాలు నక్కవాగు గుండా మంజీర వైపు ప్రవహించాయి. వాగు ఒడ్డు గ్రామాల పొలాలు, బావులు పాడయ్యాయని దాఖలైన పిటిషన్ 1990లో సుప్రీంకోర్టుకు చేరి, దశాబ్దాలపాటు నడిచింది. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు పటాన్‌చెరు మట్టిలో క్రోమియం, నికెల్, సీసంతోపాటు ఆర్సెనిక్ కూడా అధికంగా ఉందని 2001లో నివేదించారు. నగరానికి దక్షిణాన కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టిలోనూ సీసం, క్రోమియం, జింక్, రాగి, ఆర్సెనిక్ అధికంగా ఉన్నాయని అదే సంస్థ తర్వాతి అధ్యయనాలు చెప్పాయి. అంబర్‌పేట దిగువన మూసీ వెంట నగర మురుగునీటితో పాలపశువుల కోసం పారాగడ్డిని, ఇంకా దిగువన వరిని దశాబ్దాలుగా పండిస్తున్నారు.

ఈ జాబితాలో పదేపదే కనిపిస్తున్న ఆర్సెనిక్, క్రోమియం రెండూ బయోచార్‌కు అనుకూలం కాని లోహాలు. రెండో విషయం మట్టి స్వభావం. చైనా దక్షిణ ప్రాంతపు వరి నేలలు చాలావరకు ఆమ్ల స్వభావం గలవి. బొగ్గులోని క్షారం అక్కడ కాడ్మియంపై పనిచేయడానికి చోటుంది. దక్కను నల్లరేగడి నేలల్లో సున్నపు గుళికలు సహజంగానే ఉంటాయి, పీహెచ్ సాధారణంగా ఎనిమిదికి అటూఇటూ ఉంటుంది. మురుగునీరు పారే భూములు కూడా ఎక్కువగా తటస్థం నుంచి క్షారం వైపే మొగ్గుతాయి. అటువంటి మట్టిలో సీసం, కాడ్మియం ఇప్పటికే చాలావరకు బిగుసుకుని ఉంటాయి. అంటే బయోచార్ మేలు చేయగల లోహాలను ఆ నేలే కొంతవరకు పట్టి ఉంచుతోంది, బయోచార్ కీడు చేయగల ఆర్సెనిక్ మాత్రం ఆ క్షారత్వంలో కదలడానికి సిద్ధంగా ఉంది. చైనా వరి పొలంలో వచ్చిన 45 శాతం తగ్గుదలను నక్కవాగు ఒడ్డుకు అలాగే తెచ్చి ఆశపెట్టడం ఆ రైతులకు అన్యాయం.

అలాగని తెలుగు రాష్ట్రాల్లో దీనికి చోటే లేదని కాదు. చెలక భూముల్లో, ముఖ్యంగా ఏళ్ల తరబడి యూరియా, అమ్మోనియం ఎరువులు వాడిన ఎర్రమట్టిలో, పీహెచ్ తటస్థం కన్నా కిందికి దిగిన చోట్లు ఉన్నాయి. ఉత్తరాంధ్ర కొండప్రాంతాల్లో ఆమ్లనేలలు ఉన్నాయి. అటువంటి నేలపై పాత బ్యాటరీలు కరిగించిన స్థలాలుంటే, అక్కడ ప్రధాన సమస్య సీసమే అవుతుంది. ఆహార పంట వేయని, పచ్చదనం కప్పవలసిన పారిశ్రామిక బంజరు మీద బొగ్గు, కంపోస్టు కలిపి గడ్డి మొలిపిస్తే, గాలికి లేచే విషధూళినైనా ఆపవచ్చు. పిల్లలు ఆడుకునే చోట్ల సీసం ప్రధానంగా మట్టి, ధూళి రూపంలో నోట్లోకి చేరుతుంది గనుక అది చిన్న ప్రయోజనమేమీ కాదు.

మోతాదు లెక్క వేస్తే మరో వాస్తవం ఎదురవుతుంది. ఒక ఎకరం నేలలో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 900 టన్నులు. పరిశోధనా పత్రాల్లోని కుండీ ప్రయోగాల్లో తరచుగా వాడే 5 శాతం మోతాదును పొలానికి వర్తింపజేస్తే ఎకరాకు 45 టన్నుల బొగ్గు కావాలి. తైహూ ప్రయోగంలోని అతి తక్కువ మోతాదు, హెక్టారుకు 10 టన్నులు, ఎకరాకు 4 టన్నులతో సమానం. హైదరాబాద్‌లోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, అంటే క్రిడా, పత్తి, కంది, ఆముదం, మొక్కజొన్న కట్టెను కాల్చేందుకు ఇనుప డ్రమ్ముతో చిన్న బట్టీని రూపొందించింది. ఇటువంటి బట్టీల్లో ఎండుకట్టె బరువులో పావు వంతు నుంచి మూడో వంతు వరకే బొగ్గుగా మిగులుతుంది. నాలుగు టన్నుల బొగ్గుకు పన్నెండు నుంచి పదహారు టన్నుల ఎండు కట్టె కావాలి. ఎకరాకు టన్ను చొప్పున పత్తి కట్టె వస్తుందనుకున్నా, ఒక్క ఎకరం కలుషిత భూమికి పన్నెండు ఎకరాలకు తక్కువ కాకుండా పత్తి చేను కట్టె కావాలి. తెలంగాణలో ఏటా చేలల్లోనే తగలబెట్టే పత్తి కట్టె అపారం కాబట్టి ముడిసరుకుకు కొరత లేదు. కూలి, రవాణా, చిన్న బట్టీ వద్ద పట్టే సమయం అసలు ఖర్చులు. ఆ ఖర్చు రైతు మీద వేయడం న్యాయం కాదు. నేలను పాడుచేసింది అతను కాదు.

బొగ్గు స్వచ్ఛత విషయంలోనూ నిక్కచ్చిగా ఉండాలి. మురుగుశుద్ధి కేంద్రాల బురదను కాల్చినప్పుడు సేంద్రియ భాగం పోతుంది గాని అందులోని లోహాలు చాలావరకు బొగ్గులోనే చిక్కబడతాయి. దానిని కలుషిత నేలకు మందుగా వేయడం, పాత భారం మీద కొత్త భారం మోపడమే. లోహ లవణాలతో చెదలు పట్టకుండా శుద్ధిచేసిన పాత కలప, రంగులు వేసిన చెక్క కూడా పనికిరావు. సరిగా కాలని బొగ్గులో, పొగ తిరిగి బొగ్గుపైనే చల్లారే బట్టీల్లో, క్యాన్సర్ కారక హైడ్రోకార్బన్లు మిగిలిపోతాయి. బొగ్గు ఎంత స్థిరంగా తయారైందో చూడడానికి ఐరోపా ధ్రువీకరణ ప్రమాణం, హైడ్రోజన్, సేంద్రియ కర్బనాల పరమాణు నిష్పత్తి 0.7 కన్నా తక్కువ ఉండాలని కోరుతుంది. రైసుమిల్లు బాయిలర్ల నుంచి వచ్చే తెల్లటి ఊక బూడిద బయోచార్ కాదు. అందులో కర్బనం దాదాపు మిగలదు, అధిక వేడికి గురైన సిలికా ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. ఏ బొగ్గునైనా తడిపి చల్లడం, చల్లేవారు ముక్కుకు మాస్కు కట్టుకోవడం తప్పనిసరి.

కాలం గడిచేకొద్దీ బొగ్గు మారుతుంది. దాని ఉపరితలం ఆక్సీకరణం చెంది కొత్త ఆమ్ల సమూహాలు ఏర్పడతాయి, వాటివల్ల లోహాలను పట్టే శక్తి కొంత పెరగవచ్చు. మరోవైపు బూడిదలోని క్షారం వర్షాలకు, నీటి తడులకు క్రమంగా కొట్టుకుపోతుంది. పొలంలో యూరియా వాడకం కొనసాగితే ఆమ్లత్వం తిరిగి పెరుగుతుంది. చైనాలో ఐదేళ్లపాటు కొనసాగించిన క్షేత్ర పరిశీలనల్లో కాడ్మియం, సీసాలపై ప్రభావం నిలిచినట్టు కనిపించింది. ఐదేళ్లు ప్రయోగానికి దీర్ఘకాలమే, భూమికి మాత్రం కాదు.

మూసీ వంటి చోట్ల మరో ఆలోచన మరింత ఫలప్రదంగా కనిపిస్తుంది. మట్టిలో కలిపిన బొగ్గును తిరిగి ఏరలేం. అదే బొగ్గును కాలువలో వచ్చే నీటికి అడ్డంగా, వడపోత గుంటలో పెడితే, లోహంతో నిండిన బొగ్గును బయటకు తీసి, ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపవచ్చు. అప్పుడు లోహం నిజంగానే పొలం బయట ఉంటుంది. మురుగునీటిలోని సేంద్రియ మలినాలు బొగ్గు రంధ్రాలను త్వరగా పూడ్చివేస్తాయి గనుక ముందు దశలో మడ్డిని తేర్చవలసి ఉంటుంది, నిండిన బొగ్గును సకాలంలో మార్చకపోతే పట్టిన లోహాన్నే తిరిగి వదిలే ప్రమాదం ఉంది. ఇన్ని చిక్కులున్నా, కొత్త లోహం రాకను ఆపకుండా పాత లోహాన్ని కట్టిపడేసే ప్రయత్నం కన్నా ఇది మేలు. మూలం నుంచి ప్రవాహం కొనసాగుతున్న పొలంలో బయోచార్ వేయడానికి అర్థం లేదు.

పని మొదలుపెట్టే ముందు పరీక్షల వరుస ముఖ్యం. మొత్తం లోహం ఎంతో చెప్పే పరీక్ష సరిపోదు. మొక్కకు అందే భాగాన్ని కొలవాలి. జింక్, ఇనుము లోపాలు తెలుసుకోవడానికి మన భూసార పరీక్షా కేంద్రాలు వాడే డీటీపీఏ ద్రావణ పద్ధతినే సీసం, కాడ్మియాలకూ వాడవచ్చు. కాడ్మియానికి పలుచని కాల్షియం క్లోరైడ్ ద్రావణం, మొక్కలోకి చేరేదానికి ఇంకా దగ్గరి అంచనా ఇస్తుంది. ఆర్సెనిక్‌కు ఈ పద్ధతులు చాలవు, దానికి ఫాస్ఫేటు ద్రావణంతో వేరే పరీక్ష చేయాలి. తర్వాత అదే మట్టితో, వేయబోయే బొగ్గుతోనే, నీరు నిలిపి ఒక వరుస, ఆరబెట్టి ఒక వరుస, సున్నం మాత్రమే వేసి మరో వరుస కుండీలు పెట్టి చూడాలి. వరి మడిలో నీరు నిలిస్తే కాడ్మియం సల్ఫైడుగా బంధింపబడుతుంది, ఆర్సెనిక్ బయటపడుతుంది. నీరు తీస్తే దీనికి వ్యతిరేకం జరుగుతుంది. రెండు లోహాలూ ఉన్న పొలంలో నీటి యాజమాన్యాన్ని వదిలేసి బొగ్గును మాత్రమే చర్చించడం కుదరదు.

అంతిమ పరీక్ష గింజ మీద, గడ్డి మీద జరగాలి. పాలిష్ చేసిన బియ్యంలో కిలోకు 0.4 మిల్లీగ్రాముల కాడ్మియం, 0.2 మిల్లీగ్రాముల అకర్బన ఆర్సెనిక్ మించరాదని అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ నిర్ణయించింది. చైనా తన బియ్యానికి 0.2 మిల్లీగ్రాముల కాడ్మియం హద్దు పెట్టుకుంది. ఈ రెండు లోహాలను ఒకే నమూనాలో, ప్రతి కోతకూ కొలిచినప్పుడే బొగ్గు చేసిందేమిటో తెలుస్తుంది. బొగ్గు వేసిన ఏడాది, వేసిన బరువు, ముడిసరుకు, అప్పటి పీహెచ్, మట్టిలో మిగిలే ఉన్న మొత్తం లోహం, ఇవన్నీ సర్వే నంబరుతో సహా ప్రభుత్వ భూరికార్డులో నమోదు కావాలి. ఆ పొలాన్ని కౌలుకు తీసుకునేవారికి, కొనేవారికి, అక్కడ బావి తవ్వబోయేవారికి ఆ వివరం అందుబాటులో ఉండాలి; పీహెచ్ ఎంతకు పడిపోతే కాడ్మియం మళ్లీ కరగడం మొదలవుతుందో కూడా అదే పత్రంలో రాసి ఉండాలి.